చాప ఎత్తిందెవరు

ఆగస్టు 11, సోమవారం

మళ్లీ అదే ప్రశ్న. "మీరు స్వయంగా పాల్గొన్న ఒక తగాదాను, అది తీరడంలో మీ పాత్రను వివరించండి." పోయినేడు దీని దగ్గరే దెబ్బతిన్నాను. సొంత అనుభవం కనబడలేదని మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి రెండు వాక్యాల మెయిల్. తగాదాలు తీర్చడం నేర్పే చదువుకి వెళ్లాలంటే ముందే తగాదాలు తీర్చి ఉండాలట.

తొమ్మిదేళ్లుగా మా దీవి రాజధాని ఆపియాలో, రాజీల ఆఫీసులో ఉన్నాను. భూమి కోసం, ఇంటిపెద్ద బిరుదు కోసం కొట్టుకునే కుటుంబాలను కోర్టుకెక్కకముందే కూర్చోబెట్టి మాట్లాడించే ఆఫీసు. మాట్లాడించేది రూతా మేడమ్. నేను కుర్చీలు వేస్తాను. ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో చూస్తాను. చివర్లో ఒప్పందం టైపు చేస్తాను. దీన్ని ఎనిమిది వందల మాటల్లో ఎలా సాగదీయాలి?

"ఈసారి సీటు రాకపోతే నీ మొహం నాకు చూపించకు," అంది మేడమ్ నవ్వుతూ. "నేను దిగిపోయాక నా కుర్చీలో ఎవరో మంత్రిగారి చుట్టం వచ్చి కూర్చుంటే నా ప్రాణం ఒప్పుకోదు. వెళ్లి చదువుకుని రా."

సిఫారసు ఆవిడే రాయాలి. పై అధికారి రాయనిదే దరఖాస్తు ముట్టుకోరు. రాస్తానంది. రాస్తుంది. అయినా రోజూ ఒకసారి ఆవిడ మొహంలోకి చూసి, రాస్తుందా రాయదా అని గుంజాటన పడుతున్నాను.

ఫిలిపో బస్సు పెట్టి వచ్చి నా భుజం మీంచి తొంగిచూశాడు. "అక్కా, నా బస్సులో పాటల గురించి అమ్మకీ నాకూ రోజూ జరిగే గొడవ రాయి."

"అది తీరలేదు కదరా."

"తీరలేదని రాయి. నిజాయితీ గలదనుకుంటారు."

ఆగస్టు 13

రాయలేదు.

ఆగస్టు 15, శుక్రవారం

అన్నదమ్ముల కొబ్బరితోట తగాదా రాశాను. మూడేళ్లు మాటల్లేని వాళ్లిద్దరూ మా ఆఫీసు మెట్ల మీద ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. బాగా వచ్చింది. చదువుకుంటే అందులో అన్నీ మేడమ్ అన్న మాటలే. "మేడమ్" అన్నచోటల్లా "నేను" అని మార్చి చూశాను. ఇంకా బాగుంది.

చెరిపేశాను.

గడువు ఇంకో ఎనిమిది రోజులు.

ఆగస్టు 16, శనివారం

ఫిలిపో ఆసుపత్రిలో ఉన్నాడు.

నిన్న సాయంత్రం ఆఖరి ట్రిప్పు. కొండ దాటుతుంటే వెనక ఒక పికప్. దారివ్వమని హారన్లు. రోడ్డు ఇరుకు, వీడు ఇవ్వలేదు. మలుపు దగ్గర పక్కకొచ్చి దాటుతూ, దాని తొట్టిలో నిలబడి ఉన్న కుర్రాడొకడు బీరు సీసా విసిరాడు. ముందద్దం పగిలి లోపలికొచ్చింది. వీడు బ్రేకు తొక్కి బస్సు ఆపాకే చేతులు మొహం మీద పెట్టుకున్నాడని, పాసింజర్లలో ఒకావిడ అమ్మకి చెబుతోంది. బస్సులో పిల్లలున్నారట.

ఎడమ కన్ను.

ఆగస్టు 17, ఆదివారం

కన్ను లేదు. డాక్టరు అమ్మతో చెప్పాడు. అమ్మ తలూపింది, ఏదో కూర ధర విన్నట్టు.

విసిరినవాడి పేరు ఏనోకా. పక్క ఊరు. ఇరవై రెండేళ్లు. రూతా మేడమ్ కొడుకు.

ఆగస్టు 18, సోమవారం

ఆఫీసుకి మేడమ్ రాలేదు. నేను వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలీదు. ఆవిడ బల్ల తుడిచాను.

కుర్రాణ్ణి పోలీసులు లోపలేశారు. సాయంత్రం మామయ్య వచ్చాడు. మా ఇంటిపెద్ద ఆయనే. మోకాళ్లు పట్టేసినా కర్ర పట్టుకోడు. స్తంభానికి ఆనుకుని కూర్చుని అమ్మతో అన్నాడు:

"రేపు వస్తారు. కబురందింది. ఇంటిల్లిపాదీ వచ్చి, నెత్తిన చాపలు కప్పుకుని మన గడ్డిలో కూర్చుంటారు. రానీ. నేను చెప్పేదాకా ఎవరూ లేవకండి."

"ఎంతసేపు కూర్చోబెడతావు?" అంది అమ్మ.

"కన్ను పోయింది చెల్లాయ్. చాప ఎత్తామంటే క్షమించినట్టే. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు, పగ పెట్టుకోకూడదు. అంత తేలిగ్గా ఎత్తుతామా? ఎండెక్కనీ. మధ్యాహ్నం అవనీ. అవసరమైతే పంపేద్దాం, ఫిలిపో ఇంటికొచ్చాక మళ్లీ రమ్మందాం. వాడి మొహం చూడకుండా నేను మాటివ్వలేను."

మా మామయ్య పాతకాలం మనిషి. పగలు పెంచుకుంటే ఎవరికి లాభం? తొమ్మిదేళ్లుగా నేను చూస్తున్నది అదే కదా. ఎంత తొందరగా మాట కలిస్తే అంత మంచిది. ఇది నేను ఆఫీసులో నేర్చుకున్న సంగతి. మేడమ్‌తో దీనికేం సంబంధం లేదు.

ఆగస్టు 19, మంగళవారం

వచ్చారు. ఇంకా చీకటి విడలేదు. గడ్డి తడిగా ఉంది. పెద్ద గుంపు, తలలు వంచుకుని, పైన సన్నగా అల్లిన చాపలు. ముందు వరసలో వాళ్ల ఇంటిపెద్ద. రెండో వరసలో చాప అంచు కింద ఒక పాదం కనబడింది. చిటికెనవేలి గోరుకి ఎర్రరంగు. ఆఫీసు బల్ల కింద చెప్పులు విడిచేసి కూర్చునే ఆ పాదాన్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

మామయ్య గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. చాప లేచింది. తర్వాత మామయ్య మాట్లాడాడు, వాళ్ల పెద్ద మాట్లాడాడు. అందరూ ఏడ్చారు. లోపలికొచ్చి కోకో తాగారు. మేడమ్ నా చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఎండెక్కకముందే అయిపోయింది.

ఆగస్టు 20

పాస్టరు గారు ఇంటికొచ్చి మరీ మెచ్చుకున్నారు. ఊళ్లో అంతా మా గురించే. మామయ్య మాత్రం నాతో మాట్లాడటం లేదు. మోకాళ్ల నొప్పి ఎక్కువైనట్టుంది.

ఆగస్టు 21

ఆసుపత్రికెళ్లాను. ఫిలిపో చేమదుంప ముక్క తిన్నాడు. బస్సు ఎవరు నడుపుతున్నారని అడిగాడు. ఓనరు ఇంకెవరికో ఇచ్చాడని చెప్పాను. వాళ్లొచ్చి కూర్చున్న సంగతి చెప్పలేదు. మనసు కలతపెట్టే మాటలు వద్దని డాక్టరు అన్నాడు. (అమ్మతో అన్నాడు. నాతో కాదు. అయినా.)

ఆగస్టు 22, శుక్రవారం

ఒక్క ఊపులో రాసేశాను. ఎనిమిది వందల మాటలు చాల్లేదు.

మా కట్టుబాటు వాళ్లకి తెలీదు కాబట్టి మొదటినుంచీ చెప్పాను: తప్పు చేసినవాడి కుటుంబం తెల్లవారకముందే రావడం, చాపలు కప్పుకుని తలవంచడం, మోకాళ్ల మీద ఉన్నవాళ్ల ప్రాణం ఎదుటివాళ్ల చేతుల్లో ఉండటం, చాప ఎత్తగానే ఏడుపులు, కౌగిళ్లు. పేర్లు మార్చాను. "కుటుంబంలో ఈ పని తెలిసినదాన్ని కాబట్టి పెద్దలు నా అభిప్రాయానికి విలువ ఇచ్చారు. మేం చాప ఎత్తాం." ఇది కాస్త గొప్పగా ఉందేమో, కానీ అబద్ధం కాదు. "బాధితుడు కోలుకుంటున్నాడు." ఇది నిజం. నిన్న చేమదుంప తిన్నాడు.

ఆఖరి పేరా రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. పోయినేడు ఇలాంటిది నా దగ్గర లేదు.

ఇక్కడ ఇప్పుడే రాసిన ఆ వాక్యం మళ్లీ చదివాను. కొట్టేయాలనుంది. పెన్నుతో రాసింది కొట్టేసినా కనబడుతుంది. ఉండనీ.

ఆగస్టు 23

పంపాను. మేడమ్ సిఫారసు నిన్ననే పంపేసిందట. "నీ గురించి రాయడానికి పేజీ చాల్లేదు," అని ఫోన్లో చెప్పింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

ఆగస్టు 30, శనివారం

ఫిలిపో ఇంటికొచ్చాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. అమ్మ కొబ్బరిపాలు పోసి చేమాకులు వండింది. వాడు మెట్టెక్కి, మూల మడతపెట్టి ఉన్న చాపలు చూశాడు.

"ఇవెక్కడివమ్మా?"

"వాళ్లు తెచ్చార్రా. ఏనోకా వాళ్లు."

"వచ్చి కూర్చున్నారా?"

"ఆ."

"ఎత్తారా?"

అమ్మ నావైపు చూసింది. "ఎత్తాం," అన్నాను.

"మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారా?"

"లేదురా. వానొచ్చేలా ఉంటేనూ..."

వాడు చాపల దగ్గరికెళ్లి అంచు పట్టుకుని చూశాడు. "బాగా అల్లారు," అన్నాడు. వెళ్లి పడుకున్నాడు.

చూశావా, అర్థం చేసుకున్నాడు. ఇన్నాళ్లూ నేనే ఊరికే భయపడ్డాను.

ఆ రోజు వాన రాలేదు.

సెప్టెంబరు 3

నేను తినడానికి కూర్చుంటే వాడు లేచిపోతున్నాడు. మందుల వల్ల ఆకలి ఉండదంటారు.

సెప్టెంబరు 5

సాయంత్రం బస్సు రోడ్డు మీద వెళ్తుంటే వాడు తల తిప్పలేదు. "నా పాటలు పెట్టడం లేదు వాడు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. ఒంటికన్నువాడికి జనాన్ని ఎక్కించుకునే లైసెన్సు ఇవ్వరు. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

సెప్టెంబరు 9, మంగళవారం

కోర్టు. ఏనోకా తప్పు ఒప్పుకున్నాడు. శిక్ష తర్వాత చెబుతారు. అప్పటిదాకా ఇంటి దగ్గరే ఉండొచ్చు. రెండు కుటుంబాలూ రాజీపడ్డాయి కాబట్టి అది కూడా లెక్కలోకి తీసుకుంటామన్నారు.

ఇంటికొచ్చే దారంతా ఫిలిపో కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. దిగాక నాతో అన్నాడు, ఇదే మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలవడం.

"మసీనా. జడ్జిగారు చెప్పారు విన్నావా? నేను క్షమించేశానట. కోర్టుకొస్తే గానీ నాకు తెలీలేదు."

అక్కా అనలేదు.

సెప్టెంబరు 12

ఇంటర్వ్యూకి పిలిచారు! ఇరవై అయిదో తారీకు, వీడియోలో. మేడమ్ నన్ను వాటేసుకుని గిరగిరా తిప్పింది. ఇంట్లో చెప్పలేదు. చెప్పే సందు దొరకలేదు.

సెప్టెంబరు 18

అన్నం దిగడం లేదు. అమ్మ నా నుదురు పట్టుకు చూసి, జ్వరమేం లేదే అంది.

సెప్టెంబరు 24, బుధవారం

మేడమ్ ఆఫీసు తలుపేసి నాకు ఇంటర్వ్యూ చేసింది, రేపటికి అలవాటవ్వాలని. అడ్డదిడ్డంగా ప్రశ్నలేసి, నేను తడబడితే బల్లమీద చరిచి నవ్వింది. ఎన్నాళ్లకో ఆవిడ నవ్వు విన్నాను.

"నీ వ్యాసం చదివానే," అంది చివర్లో. "మా పరువు కాపాడావు అందులో. ఏడుపొచ్చింది. కానీ 'మేం ఎత్తాం' అని రాశావేంటి? అంత వినయం వద్దు. ఆ మసక వెల్తుర్లో చాప అంచు మీద నీ వేళ్లు కనబడగానే నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మీ మామయ్య మమ్మల్ని ఎండబెట్టే మనిషని నాకు తెలుసు. నువ్వే ఎత్తావని చెప్పు రేపు."

ఇది ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాశాక తెలిసింది, ఇన్ని రోజులూ ఎందుకు రాయలేదో.

సెప్టెంబరు 25, గురువారం

ఇద్దరున్నారు తెర మీద. తెల్లజుట్టు ఆవిడ, గడ్డం ఆయన. ఆయన మర్యాదగా మొదలుపెట్టాడు. మొదటి ప్రశ్నలు బానే చెప్పాను. మేడమ్ అడిగినవే వచ్చాయి.

తర్వాత ఆవిడ అడిగింది, "వాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు మీ తమ్ముడు ఎక్కడున్నారు?"

"ఆసుపత్రిలో."

"ఆయన్ని అడిగారా?"

"మా దగ్గర కుటుంబం తరఫున పెద్ద నిర్ణయిస్తారండీ. ఆ విషయంలో..."

"అంటే మీ మామయ్య చాప ఎత్తారు."

ఇక్కడ అవునంటే సరిపోయేది. వాళ్లకెలా తెలుస్తుంది? సముద్రం అవతల ఉన్నారు. నోరు తెరిచాను కూడా.

"కాదు. ఆయన ఆగమన్నారు. నేనే వెళ్లి ఎత్తాను."

"ఎందుకు?"

"చాప కింద మా పై అధికారి ఉంది. మీకు నా సిఫారసు పంపింది ఆవిడే. తప్పు చేసింది ఆవిడ కొడుకు."

గడ్డం ఆయన రాస్తున్నవాడల్లా ఆగాడు.

"ఆ అబ్బాయి కూడా చాప కింద ఉన్నాడా?" అంది ఆవిడ.

"లేడు. లాకప్‌లో ఉన్నాడు."

"ఓ," అంది.

తర్వాత ఇంకేవో అడిగారు. ఏం చెప్పానో గుర్తు లేదు. థాంక్స్ చెప్పి తెర మూసేశారు. నా మొహం ఒక్కటే మిగిలింది అందులో.

అయిపోయింది. సీటూ పోయింది, మేడమ్ పరువూ తీశాను. మేడమ్ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "ఎలా జరిగింది?" అంటే బాగానే అన్నాను.

సెప్టెంబరు 26, శుక్రవారం

ఫిలిపో ఇంటి వెనక సీమపనస చెట్టు కింద కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. గునపం మీద కాయ దిగే చోటు తప్పుతోంది. ఒక కన్నుతో దూరం అందదట. నేనెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"మెల్‌బోర్న్ వాళ్లు నిన్న మాట్లాడారు నాతో. నీ సంగతి చెప్పాను వాళ్లకి. చాప నేనే ఎత్తానని చెప్పాను."

వాడు కాయ తిప్పుతూ అన్నాడు, "వాళ్లకి చెప్పావు. నాకు చెప్పలేదు."

అప్పుడు చెప్పాను. మామయ్య గుమ్మానికి చెయ్యి అడ్డం పెడితే దాని కింద నుంచి దూరి వెళ్లాను. గడ్డిలో కాలు జారింది. వాళ్ల పెద్ద ముందున్నా ఆయన్ని దాటి రెండో వరసకెళ్లాను. ఎర్రగోరు ఉన్న పాదం దగ్గరి చాప పట్టుకున్నాను. మామయ్య వెనక నుంచి నా పేరు పెట్టి గట్టిగా అరిచాడు. వినబడింది. అయినా ఎత్తాను. ఎత్తాక ఆయన ఏం చెయ్యగలడు, అంతమంది ముందు? మెట్టు దిగి వచ్చి, తనే ఎత్తమన్నట్టు మాట్లాడాడు.

చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకు," అన్నాడు వాడు. "నువ్వేడిస్తే నేను ఓదార్చాలి. నాకిప్పుడు అంత ఓపిక లేదు."

ఏడుపు ఆపుకున్నాను. కాసేపటికి అడిగాను, "నీకేం కావాల్రా?"

"ఇప్పుడడిగావా?" అన్నాడు. కానీ ఆలోచిస్తున్నాడు. గునపం పక్కన పెట్టాడు. "వాడు రావాలి. వాడొక్కడే. చాపలొద్దు, వాళ్లమ్మ వద్దు, పెద్దలొద్దు, పాస్టరు అసలే వద్దు. వచ్చి కూర్చుంటాడు. నాకు లేవాలనిపిస్తే లేస్తాను. లేకపోతే లేవను."

"లేవకపోతే?"

"లేవకపోతే లేవను. అది కూడా ఉండాలి కదా."

సెప్టెంబరు 28, ఆదివారం

చర్చి అయ్యాక భోజనాల దగ్గర మామయ్య ముందు కూర్చుని ఫిలిపో అన్నది చెప్పాను. ఆయన నావైపు చూడకుండానే విన్నాడు.

"ఒకసారి ఎత్తిన చాప మళ్లీ కప్పడం మా తాతలనాడు లేదు," అన్నాడు.

నేను తల వంచుకున్నాను.

"మేనకోడలు ఇంటిపెద్ద చంక కింద నుంచి దూరి గడ్డిలోకి ఉరకడం కూడా మా తాతలనాడు లేదులే." పళ్లెంలో మాంసం ముక్క నావైపు తోశాడు. "వాడు చాపలొద్దన్నాడుగా. చాప లేనప్పుడు కప్పడమూ లేదు, ఎత్తడమూ లేదు. కుర్రాళ్లిద్దరూ గడ్డిలో కూర్చుంటే నాకేం అభ్యంతరం? వెళ్లి అడుగు. అడిగేటప్పుడు మాత్రం దూరకు, గుమ్మంలోంచి వెళ్లు."

సెప్టెంబరు 30, మంగళవారం

అడిగాను.

మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. "మా అన్నయ్య, నేను, మా పెద్దమ్మ... ఆవిడకి ఎనభై దాటాయి. అందరం మీ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాం. ఊరంతా చూసింది. ఇంకా ఏం కావాలి మీకు?"

"మీ గురించి కాదు మేడమ్."

"మరెవరి గురించి? నేను కని పెంచినవాడు చేశాడు. నేను కూర్చోక ఎవరు కూర్చుంటారు?"

"ఆ రోజు మా గడ్డిలో చేసినవాడూ లేడు, మా ఇంట్లో దెబ్బ తిన్నవాడూ లేడు. ఉన్నది మీరూ నేనే. మీకు మీ కొడుకు భయం, నాకు నా సీటు భయం. వాళ్లిద్దరి పేరు మీద మనిద్దరం రాజీపడ్డాం."

ఇంత మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

"నేను సిఫారసు పంపేశాను కాబట్టి నోరు లేచిందన్నమాట."

"వెనక్కి తీసుకోండి మేడమ్. ఒక ఫోను చేస్తే సరిపోతుంది. నేనేమీ అనుకోను." అనుకుంటాను. కానీ ఆ మాట నిలబడే చెప్పాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. "మధ్యాహ్నం వాళ్లకి కుర్చీలు వెయ్యి, పో."

వేశాను. ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో మర్చిపోయి వేశాను. మేడమ్ వచ్చి తనే మార్చుకుంది.

అక్టోబరు 3

మేడమ్ ఫైళ్ల గురించి తప్ప మాట్లాడటం లేదు.

అక్టోబరు 7

మెల్‌బోర్న్ నుంచి ఏమీ లేదు. పొద్దున లేవగానే ఫోను చూడటం, తర్వాత చూసినందుకు తిట్టుకోవడం. ఆఫీసులో ప్రింటరు శబ్దం చేసినా ఉలిక్కిపడుతున్నాను. ఫిలిపో రోజూ పొద్దున్నే రోడ్డువైపు స్తంభానికి ఆనుకుని కూర్చుంటున్నాడు. ఎవరూ రావడం లేదు. వాడికి లేనిపోని ఆశ పెట్టానా?

అక్టోబరు 12, ఆదివారం

పిల్లల పండుగ. చర్చి నిండా తెల్లబట్టలు. ఎదురింటి బుడ్డది బైబిలు వాక్యం చెబుతూ మధ్యలో మర్చిపోయి గౌను నోట్లో పెట్టుకుంది. ఆఖరి బెంచీ నుంచి ఫిలిపో గట్టిగా అందించాడు. అదీ తప్పే. చర్చి అంతా గొల్లుమంది. సీసా దెబ్బ తర్వాత వాడు నవ్వడం ఇదే చూశాను. నల్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అమ్మ చూపు తిప్పేసుకుంది. నేను చూశాను.

అక్టోబరు 14, మంగళవారం

సీటు ఇచ్చారు. ఖర్చులు కూడా వాళ్లవే. జనవరి చివరికల్లా రమ్మన్నారు. ఎందుకిచ్చారో రాయలేదు. మూడుసార్లు చదివాను, నా పేరేనా కాదా అని.

ఎగరాలి కదా. కుర్చీలో అలాగే కూర్చున్నాను.

మేడమ్ నా బల్ల పక్కనుంచి వెళ్తూ, నావైపు చూడకుండా, "నాకూ మెయిల్ వచ్చింది. మంచిది," అంది. గుమ్మం దగ్గర ఆగింది. "ఇంటర్వ్యూలో ఏం చెప్పావో నాకు చెప్పక్కర్లేదు. వాళ్లు ఫోన్ చేసి అడిగారు, నువ్వు చెప్పింది నిజమేనా అని. నిజమే అన్నాను."

వెళ్లిపోయింది. నేను లేచి థాంక్స్ చెప్పాలనుకునేలోపు కారు స్టార్ట్ అయిన చప్పుడు.

అక్టోబరు 18, శనివారం

పొద్దున్నే అమ్మ కోకో కాస్తోంది. మామయ్య వచ్చి ఉన్నాడు, ఏ పనీ లేదంటూనే. రోడ్డు చివర, చర్చి దాటాక, ఒక కారు ఆగింది. అది మేడమ్‌ది. అందులోంచి ఒకడే దిగాడు. కారు అక్కడే ఆగిపోయింది.

ఏనోకా మా గడ్డి దాకా నడుచుకుంటూ వచ్చాడు. నేను కోర్టులో చూసినప్పటికంటే చిన్నవాడిలా ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, లుంగీ ఒక్కటే. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు. తర్వాత ఇంటికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. తల మీద ఏమీ లేదు.

ఫిలిపో స్తంభం దగ్గరే ఉన్నాడు. చూశాడు. కదల్లేదు.

అమ్మ కప్పు ఇస్తే అందుకుని నెమ్మదిగా తాగాడు. సిగరెట్ ముట్టించాడు. ఎదురింటివాళ్లు తెరలు దించినట్టే దించి సందుల్లోంచి చూస్తున్నారు. కొంచెంసేపటికి కుర్రాడు మోకాళ్లు సర్దుకున్నాడు. ఎండ వచ్చింది. తర్వాత కొండ మీంచి మబ్బు దిగి వాన మొదలైంది, మామూలు వాన కాదు, గడ్డి వంగిపోయే వాన. కుర్రాడి జుట్టు మొహానికి అతుక్కుపోయింది. రోడ్డు చివర కారు వైపర్లు ఆడుతున్నాయి.

"ఒరే," అంది అమ్మ. "జ్వరమొస్తుందిరా వాడికి."

"ఎవరూ లేవకండి," అన్నాడు ఫిలిపో.

నా చేతులు వాటంతట అవే నేల మీద ఆనుకుని నన్ను లేపబోతున్నాయి. ఒక గుడ్డ తీసుకెళ్లి కప్పితే ఏమవుతుంది, వానకే కదా, క్షమించినట్టు కాదు కదా, ఇలా ఏవేవో. మామయ్య నావైపు చూస్తున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. వీడు లేవకపోతే? ఇలాగే మధ్యాహ్నమై, ఆ కుర్రాడు లేచి వెళ్లిపోతే? అది కూడా ఉండాలి కదా, అన్నాడు వాడు. ఆ మాట అన్నప్పుడు సరే అన్నాను. కళ్లముందు చూడటం వేరు.

ఫిలిపో సిగరెట్ నలిపేసి లేచాడు. నల్లద్దాలు తీసి కప్పు పక్కన పెట్టాడు. మెట్టు దిగేటప్పుడు ఎత్తు అందక కాలు తడబడింది. నేను కదల్లేదు. వానలోకి నడిచి, కుర్రాడికి ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, తడిగడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"తలెత్తు," అన్నాడు. అంతవరకే వినబడింది. "ఇటు చూడు."

కుర్రాడు తలెత్తి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత అంతా వాన చప్పుడే. ఫిలిపో మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. చేత్తో బస్సు స్టీరింగు తిప్పినట్టు ఏదో చూపించాడు. కుర్రాడు ఏదో అన్నాడు. ఫిలిపో గట్టిగా కాదన్నట్టు తలూపి మళ్లీ మొదలుపెట్టాడు. ఒకసారి కుర్రాడు రెండు చేతుల్లో మొహం దాచుకుంటే, వాడు ఆగి, చేతులు దించేదాకా ఎదురుచూసి, అప్పుడు మళ్లీ అందుకున్నాడు.

వాన కొంచెం తగ్గాక ఇంటివైపు తిరిగి కేకేశాడు. "రెండు కప్పులు కోకో!"

నేను గబుక్కున లేచాను.

"నువ్వు కూర్చోవే," అంది అమ్మ. "వాడు పిలిచింది నన్ను."

రెండు కప్పులు పోసి, పైన అరిటాకు కప్పుకుని, అమ్మ వానలోకి దిగింది. మామయ్య స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేను కూర్చున్నాను.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. అడగలేదు.